తిరుగుదారి: మొబైల్ ఫోను, ఇంటర్నెట్ టెలివిజన్ల కలయికపై ఒక సమీక్ష

టెలివిజన్ పుట్టుకతోనే ఏకముఖ సాధనం. స్టూడియోలో బయలుదేరిన బొమ్మ ట్రాన్స్‌మిటర్ మీదుగానో ఉపగ్రహం మీదుగానో ఇంటికి చేరుతుంది గాని, ఇంట్లో కూర్చున్నవారి మాట అదే దారిలో వెనక్కి పోదు. చూసేవారి స్పందన చూపించేవారికి చేరవేసే మార్గాన్ని ఇంజనీర్లు రిటర్న్ పాత్ అంటారు. తెలుగులో దానిని తిరుగుదారి అనుకోవచ్చు. తిరుగుదారి ఉన్న టెలివిజనే ఇంటరాక్టివ్ టెలివిజన్. గత యాభై ఏళ్ల ప్రయోగాలన్నీ ఈ తిరుగుదారిని ఎక్కడ వేయాలి, దాని ఖర్చు ఎవరు భరించాలి, దాని గుండా ఏది ప్రయాణించాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. పాశ్చాత్య దేశాలు దానిని టీవీ పెట్టెకే తగిలించాలని చూడగా, భారతదేశంలో అది టీవీతో నిమిత్తం లేకుండా ప్రేక్షకుడి జేబులోని ఫోను రూపంలో వచ్చింది. మొబైల్ సాంకేతికతలోనూ ఇంటర్నెట్ టెలివిజన్‌లోనూ ఇక్కడ నేడు కనిపించే పోకడలకు చాలావరకు మూలం ఈ తేడాలోనే ఉంది.

పెట్టెకు తిరుగుదారి తగిలించే ప్రయత్నాల్లో పేరుపడ్డది క్యూబ్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో వార్నర్ సంస్థ 1977 డిసెంబరు 1న ప్రారంభించిన ఈ కేబుల్ సేవలో ప్రేక్షకుడి చేతిలోని పరికరానికి ఐదు సమాధానపు మీటలు ఉండేవి. ఏ ఇంట్లో ఏ మీట నొక్కారో కేంద్రంలోని కంప్యూటరు ఎప్పటికప్పుడు పోగుచేసేది. ఖర్చుకు తగిన రాబడి లేక 1984లో అది మూతపడింది. అదే వంశానికి చెందిన టైమ్ వార్నర్ సంస్థ 1994 డిసెంబరులో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఇంకా భారీగా, కోరిన సినిమాను కోరిన క్షణంలో చూపించే సేవను మొదలుపెట్టి, ఒక్కో ఇంటి పెట్టెకు వేల డాలర్లు వెచ్చించి, 1997లో చేతులెత్తేసింది. రెండు చోట్లా సాంకేతికత పనిచేసింది గాని లెక్క కుదరలేదు.

టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ వేగం పెరిగాకే ఆ లెక్క మారింది. బ్రిటన్‌లోని హల్ పట్టణంలో 1999లోనూ, హాంకాంగ్‌లో 2003లోనూ టెలిఫోను కంపెనీలే టీవీ ప్రసారాలను ఇవ్వసాగాయి. ఇదే ఐపీటీవీ, అంటే ఇంటర్నెట్ ప్రొటోకాల్ టెలివిజన్. ఇందులో బొమ్మ చిన్న చిన్న డేటా పొట్లాలుగా మారి వస్తుంది గాని, అది బహిరంగ ఇంటర్నెట్ మీద కాక, కంపెనీ తన అదుపులో ఉంచుకున్న సొంత నెట్‌వర్క్ మీద వస్తుంది. బహిరంగ ఇంటర్నెట్ మీద ఎవరి కనెక్షన్ ద్వారానైనా నడిచే యాప్‌లను ఓటీటీ అంటారు. వాడుకలో ఈ రెంటినీ కలిపి ఇంటర్నెట్ టీవీ అనేయడం మామూలే అయినా, వాటి నాణ్యత, ఖర్చు, వర్తించే చట్టం వేరువేరు కనుక ఈ విభజన అవసరం.

భారతదేశంలో ఈ కథకు కావలసిన సరంజామా అంతా 1995లో నాలుగు వారాల వ్యవధిలో సమకూడింది. జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు దేశంలో తొలి మొబైల్ కాల్ చేశారు. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆగస్టు 27న ఈటీవీ తెలుగు ప్రసారాలు ఆరంభమయ్యాయి. వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టవలసిన ఫోను, గంటల లెక్కన అమ్మే ఇంటర్నెట్, కేబుల్ ఆపరేటరు తీగ మీద వచ్చే చానల్ అనే ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పని ఉందని ఆనాడు ఎవరికీ తోచలేదు. అవి ఒకే తెర మీద కలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లూ తెలుగు ప్రేక్షకుడు మౌనంగా ఏమీ లేడు. అంతకు చాలా ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు అందించిన సైట్ ప్రయోగంలో ఊరి జనం చూడటమే తప్ప అడగడం లేదు. ఉపగ్రహ చానళ్ల కాలానికి ఫోన్-ఇన్ కార్యక్రమాలు వచ్చి ఆ లోటును కొంత తీర్చాయి. వైద్యుణ్ణి సలహా అడిగేవారు, వ్యవసాయాధికారిని తెగులు గురించి అడిగేవారు, నచ్చిన పాట వేయమని కోరేవారు లైన్లో దొరకడానికి పదేపదే నంబరు నొక్కేవారు. దొరికినవారికి యాంకరు మొదట చెప్పే మాట ఒక్కటే: టీవీ వాల్యూమ్ తగ్గించండి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహానికి వెళ్లి రావడానికే సంకేతానికి పావు సెకను పడుతుంది కనుక, ఫోనులో అన్న మాట టీవీలోంచి ఆలస్యంగా వినబడి మాట్లాడేవారిని తికమకపెట్టేది. పోయే దారి, వచ్చే దారి వేరువేరని ప్రేక్షకుడికి చెవులారా తెలిసిన సందర్భం అదే.

ఎస్ఎంఎస్ ఆ తిరుగుదారిని వ్యాపారంగా మార్చింది. 2004లో మొదలైన ఇండియన్ ఐడల్ వంటి కార్యక్రమాల్లో గాయకుల గెలుపోటములు ప్రేక్షకుల సందేశాల మీద ఆధారపడ్డాయి. మామూలు సందేశం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి, ఆ రాబడిని చానలూ టెలికాం కంపెనీలూ పంచుకున్నాయి. దీనికి విరుగుడులా జనమే కనిపెట్టుకున్నది మిస్డ్ కాల్. 2003లో వచ్చే కాల్స్ ఉచితం కావడంతో, రింగు ఇచ్చి ఎత్తకముందే పెట్టేసే అలవాటు పైసా ఖర్చులేని సంకేతంగా స్థిరపడింది. తరువాతి కాలంలో బిగ్‌బాస్ తెలుగు వంటి కార్యక్రమాలు ఓటింగ్‌కు యాప్‌తో పాటు మిస్డ్ కాల్ నంబర్లను కూడా ఇచ్చాయి. కొలంబస్‌లో కోట్లు పోసి ఇంటింటికీ అమర్చిన ఐదు మీటల పని ఇక్కడ చవక ఫోను చేసిపెట్టిందనడం అతిశయోక్తి కాదు.

ఫోను తిరుగుదారిగా ఉండటం మాని తానే తెర కావడానికి డేటా ధర అడ్డుగా నిలిచింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీకి వినియోగదారుడు సగటున 269 రూపాయలు చెల్లించాడు. 2018 నాటికి అది 12 రూపాయల లోపుకు పడిపోయింది. మధ్యలో జరిగింది 2016 సెప్టెంబరు 5న జియో 4జీ సేవల ప్రారంభం. 2జీ, 3జీ నెట్‌వర్కులను మోయవలసిన బరువు లేకుండా, మాటను కూడా డేటాగానే పంపే నెట్‌వర్క్‌ను మొదటి నుంచీ కట్టుకోవడం, తొలి నెలల్లో సేవను ఉచితంగా ఇవ్వడం, పోటీదారులు ధరలు తగ్గించక తప్పకపోవడం అన్నీ కలిసి ఈ పతనానికి కారణమయ్యాయి. 2017లో 1,500 రూపాయల డిపాజిట్ మీద ఇచ్చిన జియోఫోన్‌లో మీటలే ఉన్నా టీవీ యాప్ కూడా ఉండేది. నేడు ఒక్కో డేటా వినియోగదారుడు నెలకు సగటున 20 జీబీకి పైగా వాడుతున్నాడు. అందులో సింహభాగం వీడియోదే. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ధరలు పెంచినా ఈ అలవాటు వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ ప్రసారపు యంత్రాంగాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంది. టీవీ టవరు ఒక్కసారి వదిలిన సంకేతాన్ని పదిమంది చూసినా పది లక్షల మంది చూసినా ఖర్చు ఒక్కటే. ఐపీటీవీలో దీనికి దగ్గరి పద్ధతి మల్టీకాస్ట్. ఒక చానల్ ప్రవాహం నెట్‌వర్క్‌లో ఒక్కటిగానే ప్రయాణించి, కొమ్మలు చీలే చోట మాత్రమే నకళ్లు అవుతుంది. ఓటీటీలో అలా కుదరదు. ప్రతి ఫోనుకూ విడిగా ఒక ప్రవాహం పంపాలి. దానిని యూనికాస్ట్ అంటారు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను ఓటీటీ యాప్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఒక్కొక్కరికి సెకనుకు 2 మెగాబిట్లే అనుకున్నా, అది సెకనుకు 118 టెరాబిట్ల ప్రవాహం. ఇంత భారాన్ని ఏ ఒక్క కేంద్రమూ మోయలేదు గనుక, సీడీఎన్ అనే ఏర్పాటులో వీడియో నకళ్లను నగరనగరానా ఉన్న సర్వర్లలో ముందే నిలవచేసి, దగ్గరి సర్వరు నుంచి అందిస్తారు. క్రికెటర్ ధోనీ క్రీజులోకి రాగానే లక్షల మంది ఒక్కసారిగా యాప్ తెరవడం, అతను అవుటవగానే అంతమందీ మ్యాచ్ వదిలి హోమ్ పేజీకి మళ్లడం వంటివి ఈ ఏర్పాటును నడిపే ఇంజనీర్లకు వరద లెక్కలే. రెండో రకం వరదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే మ్యాచ్ చూసేవాడికి వీడియో ముక్కలు చాలు, హోమ్ పేజీకి వచ్చినవాడికి మాత్రం సిఫారసులు, పోస్టర్లు, చూసి ఆపిన చోట్లు అన్నీ అప్పటికప్పుడు వండి వడ్డించాలి.

ఫోనులో వీడియో ఆగకుండా నడవడానికి మరో ఉపాయం ఉంది. ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి ఉంచితే, సిగ్నల్‌ను బట్టి ఫోనే తనకు తగ్గ ముక్కను అడిగి తెచ్చుకుంటుంది. బస్సు ఊరు దాటగానే బొమ్మ మసకబారి మళ్లీ తేటపడటానికి కారణమిదే. దీనికి చెల్లించే మూల్యం ఆలస్యం. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్ఎస్ పద్ధతిలో సాధారణంగా ఆరు సెకన్ల ముక్కలు మూడు చేతికందాకే ఆట మొదలవుతుంది. అంటే కనీసం 18 సెకన్లు వెనకబడినట్టే. పక్కింటి డిష్ టీవీలో వికెట్ పడిన కేక వినబడ్డాక కూడా ఫోనులో బౌలరు ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు. ఇంటరాక్టివ్ కార్యక్రమానికి ఈ ఆలస్యం చిన్న లోపం కాదు: తరువాతి బంతికి ఏమవుతుందో ఊహించమని అడిగే పోటీలో ఒకరికి జవాబు ముందే తెలిసిపోతుంది. ఆలస్యాన్ని రెండు మూడు సెకన్లకు తగ్గించే పద్ధతులు 2019 నుంచి అందుబాటులో ఉన్నా, కోట్ల మందికి ఒకేసారి వాటిని వర్తింపజేయడం ఖరీదైన పని.

ఫోను టీవీని దాటిపోయిందన్న సంగతిని మొదట గుర్తించింది వేలంపాట. 2022 జూన్‌లో ఐపీఎల్ ఐదేళ్ల ప్రసార హక్కులను భారత క్రికెట్ బోర్డు విడివిడిగా అమ్మినప్పుడు భారత ఉపఖండపు టీవీ హక్కులకు 23,575 కోట్లు, అక్కడి డిజిటల్ హక్కుల రెండు భాగాలకు కలిపి 23,758 కోట్ల రూపాయలు పలికాయి. టీవీ హక్కులు ఒకరికి, డిజిటల్ హక్కులు వేరొకరికి పోయి, 2023లో జియోసినిమా మ్యాచ్‌లను ఉచితంగా చూపించి, ఆ ఏడాది ఫైనల్‌కు 3.2 కోట్ల ఏకకాల వీక్షణలు సాధించింది. చివరికి పోటీదారులిద్దరూ ఒక్కటై 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ ఏర్పడింది. పోటీ వల్ల ఉచితమైనది పోటీ ముగిశాక ఉచితంగా మిగలకపోవడం వ్యాపారంలో వింతేమీ కాదు.

ఇంతకీ ప్రేక్షకుడు ఈ కొత్త తిరుగుదారి గుండా ఏం పంపుతున్నాడు? కెమెరా కోణాన్ని తానే ఎంచుకోవడం, తెలుగుతో సహా డజను భాషల్లో వ్యాఖ్యానం మార్చుకోవడం, 2023 ప్రపంచకప్‌లో హాట్‌స్టార్ తెచ్చినట్టు ఫోనును నిలువుగా పట్టుకుని చూడటం వంటివి నిలదొక్కుకున్నాయి. కథను ప్రేక్షకుడి చేతికివ్వడం మాత్రం నిలవలేదు. నెట్‌ఫ్లిక్స్ 2018 డిసెంబరులో విడుదల చేసిన బ్యాండర్‌స్నాచ్‌లో కథానాయకుడు ఏం చేయాలో చూసేవారే నిర్ణయించేవారు. ఎంతో చర్చ జరిగినా, ఆ తరహా చిత్రాల్లో అధికభాగాన్ని 2024 చివర్లోనూ, బ్యాండర్‌స్నాచ్‌ను 2025 మేలోనూ సంస్థ తన జాబితా నుంచి తొలగించింది. ఒక గంటన్నర చిత్రానికి అయిదారు గంటల దృశ్యాలు తీయవలసి రావడం ఒక కారణం కావచ్చు. అన్నం తింటూ సీరియల్ చూసేవారికి ప్రతి పది నిమిషాలకూ నిర్ణయం తీసుకోవాలన్న కోరిక లేకపోవడం అంతకంటే బలమైన కారణంగా కనిపిస్తుంది. ఆట, పోటీ, పాట, పంటకు తెగులు వంటి విషయాల్లో జనం మాట కలుపుతారు. కథ దగ్గర మాత్రం చెప్పేవాడు చెప్పాలనే ఆశిస్తారు.

ఇళ్లలోని పెద్ద తెర వైపు చూస్తే, అక్కడ తిరుగుదారి ఫైబరుతో ఆలస్యంగా వచ్చింది. ఐపీటీవీకి కేంద్రం 2008లోనే మార్గదర్శకాలు ఇచ్చినా, అప్పటి రాగి తీగల వేగం చాలక సేవలు పెరగలేదు. తెలుగు నేల మీద దీనికి చెప్పుకోదగిన ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకంలో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ ఒకే తీగ మీద ఇవ్వజూపారు. రోడ్లు తవ్వే ఖర్చు, అనుమతుల జాప్యం లేకుండా ఫైబరును కరెంటు స్తంభాల మీదుగా లాగడం, ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లనే చివరి లంకెగా వాడుకోవడం ఇందులోని తెలివి. గాలివానకు చెట్టుకొమ్మ విరిగిపడితే తీగ తెగడం దీని బలహీనత. ధర నిలవలేదు, తరువాతి ఏళ్లలో సంస్థ బకాయిల్లోనూ కేసుల్లోనూ రాజకీయ వివాదాల్లోనూ చిక్కుకుంది. అయినా పల్లెటూరి ఇంట్లో టీవీకి ఆండ్రాయిడ్ పెట్టె తగిలించి, అదే తీగ మీద పిల్లల చదువుకు వైఫై కూడా ఇవ్వవచ్చని అది రుజువు చేసింది. తెలంగాణ టీ-ఫైబర్ దీనికి భిన్నంగా మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబరు గొట్టాలు వేసే దారి ఎంచుకుంది. బీఎస్ఎన్ఎల్ 2024లోనూ, ఎయిర్‌టెల్ 2025లోనూ ఫైబరు మీద ఐపీటీవీని కొత్తగా తెచ్చాయి. మరోవైపు ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికి ప్రసారాలిచ్చే డీటీహెచ్ చందాదారుల సంఖ్య ఒకప్పుడు 7 కోట్లు దాటినా, 2025 నాటికి 6 కోట్ల లోపుకు దిగింది.

ఫైబరు చేరని ఇంటికి మొబైల్ టవరే టీవీ తీగ కావడం ఈ దశాబ్దపు మలుపు. 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైన ఏడాదికి, 2023 సెప్టెంబరులో వినాయక చవితినాడు హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జియో ఎయిర్‌ఫైబర్ వచ్చింది. మేడ మీద అమర్చిన చిన్న యాంటెన్నా 5జీ సంకేతాన్ని అందుకుని ఇంటిలోపలికి ఇంటర్నెట్‌గా, టీవీగా మార్చి ఇస్తుంది. ఫోను వాడేవారి రద్దీ టీవీ చూసేవారికి అడ్డు రాకుండా ఒకే నెట్‌వర్క్‌ను పొరలుగా విభజించి ఒక్కో పొరకు ఒక్కో హామీ ఇచ్చే స్లైసింగ్ పద్ధతి దీనికి ఉపకరిస్తుంది. అయితే డేటా అంతటినీ ఒకేలా చూడాలన్న నెట్ సమానత్వ సూత్రానికి, ఇలా కొన్ని పొరలకు ప్రత్యేక హామీ ఇవ్వడానికి మధ్య పొంతన ఎలా కుదురుతుందన్నది తేలవలసిన విషయం.

ప్రవాసాంధ్రుల అనుభవం ఈ కథలో ముందే నడిచింది. ఉదయ్ రెడ్డి 2006లో స్థాపించిన యప్‌టీవీ, భారతదేశంలో వేగవంతమైన ఇంటర్నెట్ రాకముందే విదేశాల్లోని తెలుగువారికి ఇంటర్నెట్ మీద చానళ్లు చూపించింది. హైదరాబాద్‌లో రాత్రి వార్తల వేళకు అమెరికాలోని అట్లాంటాలో ఉదయం కనుక, ప్రత్యక్ష ప్రసారం కంటే గడచిన రోజుల కార్యక్రమాలను వెనక్కి తిప్పి చూసే సౌకర్యమే వారికి ముఖ్యమైంది. స్వదేశంలో 2020 ఉగాదికి పూర్తిగా తెలుగు ఓటీటీగా ఆహా వచ్చింది.

తిరుగుదారిలో ప్రేక్షకుడికి తెలియకుండా పోయేది తెలిసి పంపేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. భారతదేశంలో టీవీ రేటింగులను బార్క్ సంస్థ సుమారు 55 వేల ఇళ్లలో అమర్చిన మీటర్ల నుంచి లెక్కగడుతుంది. చానళ్లు శబ్దంలో చెవికి అందని గుర్తును దాచి పంపితే మీటరు దానిని పట్టుకుంటుంది. అంటే 55 వేల ఇళ్లవారు దేశమంతటి తరఫున సమాధానం చెబుతున్నారు. ఓటీటీలో ఆ ప్రాతినిధ్యంతో పనిలేదు, ప్రతి ఫోనూ ఒక మీటరే: ఎక్కడ ఆపారు, ఏ పాటను దాటవేశారు, ఏ పోస్టరు మీద వేలు ఆగింది అన్నవన్నీ పోతాయి. స్మార్ట్ టీవీల్లో తెర మీది బొమ్మను టీవీయే గుర్తుపట్టి తయారీదారుకు చేరవేసే పద్ధతి కూడా ఉంది. వీక్షకుల అనుమతి లేకుండా ఇలా చేసినందుకు విజియో కంపెనీ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. భారతదేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది. కాని ఇంటిల్లిపాదీ చూసే టీవీలో అంగీకారం ఇచ్చేది ఎవరు? రిమోటు చేతిలో ఉన్న పిల్లవాడు ఓకే నొక్కితే తాతగారి సమ్మతి కూడా అందులో చేరిపోయినట్టేనా అన్న ప్రశ్నకు, ఒక్కరి చేతిలో ఉండే ఫోనును దృష్టిలో పెట్టుకున్న నియమాల్లో తేటైన జవాబు దొరకదు.

ఫోను తెరగా స్థిరపడ్డాక, తిరుగుదారి అక్కరలేకుండానే దానికి టీవీని చేర్చే ఆలోచన మళ్లీ ముందుకు వచ్చింది. అమెరికాలో క్వాల్‌కామ్ సంస్థ మీడియాఫ్లో పేరుతో ఇటువంటి ప్రసారాన్ని 2007లో మొదలుపెట్టి 2011లో ఆపేసింది. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో టవర్ల నుంచి ఫోనుకు ఉచిత ప్రసారాలు ఇచ్చినప్పుడు ఫోనుకు విడిగా ఒక డాంగిల్ కొనుక్కోవలసి వచ్చింది. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు, ఏడు నెలలు తిరగకముందే జియో వచ్చి దాని అవసరాన్నే ప్రశ్నార్థకం చేసింది. ఇప్పటి ప్రయత్నం పేరు డైరెక్ట్ టు మొబైల్. ఐఐటీ కాన్పూర్, బెంగళూరుకు చెందిన సాంఖ్య ల్యాబ్స్, ప్రసారభారతి కలిసి రూపొందించిన ఈ పద్ధతిలో సిమ్ గాని డేటా గాని లేకుండా టవరు సంకేతం నేరుగా ఫోనులోని ప్రత్యేక చిప్‌కు చేరుతుంది. కోటి మంది చూసినా ప్రసారం ఒక్కటే కనుక, పైన చెప్పిన 118 టెరాబిట్ల వంటి వరదలు తప్పుతాయి, తుఫాను వేళ సెల్ నెట్‌వర్క్ కూలినా హెచ్చరిక చేరుతుంది. 2024 జనవరిలో 19 నగరాల్లో పరీక్షలు జరుపుతామని కేంద్రం ప్రకటించింది. ఆ చిప్ వల్ల ఒక్కో ఫోను ఖర్చు దాదాపు 30 డాలర్లు పెరుగుతుందని చిప్‌ల, ఫోన్ల కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. వీడియో రద్దీ మీదనే ఆదాయం నిలుపుకున్న టెలికాం కంపెనీలు దీనికి స్పెక్ట్రమ్‌ను వేలం లేకుండా ఇవ్వరాదని పట్టుబట్టాయి. తీరప్రాంతపు మత్స్యకారుడు కొనగలిగిన ధరలో ఆ చిప్ ఉన్న ఫోను దొరికే వరకూ తుఫాను హెచ్చరిక వాదన కాగితం మీదిదే.